ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం, పార్శ్వపు నొప్పి



దిగపహండి బజారులో బియ్యం కొట్టు ముందు కాసేపు నిలబడి చూడండి. వచ్చినవాళ్ళలో కొందరు ‘ఉసునా’ అడుగుతారు, కొందరు ‘అరువా’ అడుగుతారు. ఉసునా అంటే మన ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత దంచినవి. అరువా అంటే పచ్చి బియ్యం. గీత గీసినట్టు చెప్పలేం గాని, ఒడియా ఇళ్ళలో రోజువారీ వంటకు ఉసునా ఎక్కువ, తెలుగు ఇళ్ళలో అరువా ఎక్కువ. ఒకే వీధి, ఒకే బావి, ఒకే ఎండ. కంచంలో అన్నం మాత్రం వేరు. ఈ చిన్న తేడా వెనక దాదాపు రెండు వందల ఏళ్ళ వైద్య చరిత్ర ఉంది. ఈ పూట చెప్పబోయే తలనొప్పి సంగతికి ఆ చరిత్రే దారి చూపిస్తుంది. అందుకని కొంచెం వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మన గంజాం మద్రాసు రాష్ట్రంలోనిదే. పెద్దకిమిడి జమీందారీకి ముఖ్య పట్టణమైన మన దిగపహండి కూడా ఆ రోజునే సరిహద్దుకు ఇవతల ఉండిపోయింది. అంతకు ముందు నూరేళ్ళ కిందట, గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీర జిల్లాలను ఉత్తర సర్కారులు అనేవారు. ఈ సర్కారుల్లో ఒక వింత జబ్బు ఉండేది. కాళ్ళు మొద్దుబారిపోవడం, నీరు పట్టడం, ఆయాసం, చివరికి గుండె ఆగిపోవడం. దాన్ని బెరిబెరి అన్నారు. కుంఫిణీ పటాలాల్లోని దేశీ సిపాయిలు దీనివల్ల చాలామంది పోతూంటే, మద్రాసు ప్రభుత్వపు వైద్యాధికారులు దీని మీద మంచి వ్యాసం రాసినవారికి బహుమతి ఇస్తామన్నారు. జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే వైద్యుడు రాసిన వ్యాసానికి ఆ బహుమతి వచ్చింది. 1835లో మద్రాసులో అచ్చయింది. గాలి వల్లనా, నీటి వల్లనా, నేల చెమ్మ వల్లనా అని ఆ కాలపు వైద్యులు తర్జనభర్జనలు పడ్డారే గాని, కంచంలో ఉన్నదాని వల్ల కాదు, కంచంలో లేనిదాని వల్ల జబ్బు వస్తుందన్న ఊహ అప్పటికి ఎవరికీ రాలేదు.

ఆ ఊహ రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ పట్టిన అన్నం తిన్న కోళ్ళ కాళ్ళు పడిపోతున్నాయనీ, తవుడు పెడితే లేచి తిరుగుతున్నాయనీ గమనించాడు. అందుకు 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1918లో, నీలగిరి కొండల మీద కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒక్క గది తీసుకుని రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక పరిశోధన ప్రారంభించాడు. దాని పేరే ‘బెరిబెరి ఎంక్వయిరీ’. ఆ ఒంటి గది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో తార్నాకలో ఉంది. హైదరాబాదులో ఇంత పెద్ద సంస్థ పుట్టుకకు మూలం మన సర్కారు జిల్లాల్లో వాచిపోయిన కాళ్ళు అంటే అతిశయోక్తి కాదు.

కూనూరు పరిశోధకులు చివరకు తేల్చింది ఏమిటి? మద్రాసు రాష్ట్రంలో బియ్యం తినేవాళ్ళు ఎంతోమంది ఉన్నా బెరిబెరి ముఖ్యంగా సర్కారు తీరంలోనే ఎందుకుంది? మెక్‌కారిసన్ 1924లోనూ, ఆ తర్వాత ఎక్‌రాయిడ్ బృందం 1940లో బియ్యపు సమస్య మీద వెలువరించిన గ్రంథంలోనూ జవాబు చెప్పారు. ఇక్కడివాళ్ళు మరలో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం తింటారు. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకు ఆ బాధ లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి విటమిన్లు కొంత గింజ లోపలికి ఇంకుతాయి. ఆ తర్వాత మరలో వేసినా అవి పూర్తిగా పోవు. పచ్చి బియ్యానికి ఆ రక్షణ లేదు. పైగా మనం నాలుగుసార్లు కడిగి, ఎసట్లో ఉడికించి, గంజి వార్చేస్తాం. మిగిలిన కొంచెమూ గంజితో పాటు పోతుంది. మన అవ్వలు ఆ గంజిని పారబోయలేదు. పులియబెట్టి తరవాణి చేశారు. ఒడియావారు అన్నాన్నే నీళ్ళలో వేసి పఖాళ చేశారు. రోకలి పోయి మర వచ్చిన తరువాతనే బియ్యం ఇంత తెల్లబడింది. తెల్ల అన్నం గొప్పింటి గుర్తు అనుకున్నాం. ఆ గొప్ప మనకు కొంచెం ఖరీదుగానే పడింది.

ఇప్పుడు తలనొప్పి దగ్గరకు వస్తాను. బెరిబెరికీ తలనొప్పికీ నేరుగా సంబంధం ఉందని నేను అనడం లేదు. కాని ఎక్‌రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ 1930లలో దక్షిణాది పిల్లల్లో మరొకటి చూశారు. నోటి మూలలు పగలడం, నాలుక ఎర్రగా పూయడం. మనం ‘నోరు పూసింది’ అంటాం. అది రైబోఫ్లేవిన్ అనే మరో బి విటమిన్ కొరత. ఇదీ మర బియ్యంలో బాగా తగ్గిపోయేదే. అదే రైబోఫ్లేవిన్‌ను 1998లో బెల్జియంలోని షోనెన్ బృందం పార్శ్వపు నొప్పి ఉన్న 55 మందిలో పరీక్షించింది. కొందరికి రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు రైబోఫ్లేవిన్ ఇచ్చారు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చారు. రైబోఫ్లేవిన్ తీసుకున్నవారిలో నూటికి 59 మందికి నొప్పి వచ్చే రోజులు సగానికి సగం తగ్గాయి. ఉత్త మాత్ర తిన్నవారిలో అలా తగ్గింది నూటికి 15 మందికే. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. మనిషికి రోజుకు కావలసిన రైబోఫ్లేవిన్ సుమారు రెండు మిల్లీగ్రాములు. 400 అంటే అది మందు, తిండి కాదు. పాలూ ఆకుకూరలూ ఎంత తిన్నా అంత రాదు. అందుకని ‘గుడ్డు తిను, తలనొప్పి పోతుంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. గుడ్డు తినవలసిందే, వేరే కారణాలకు.

పార్శ్వపు నొప్పిని మన ఒడియా పొరుగువాళ్ళు ‘అధకపాళి’ అంటారు. సగం కపాలం అని అర్థం. సంస్కృతంలో అర్ధావభేదకం. చరక సంహిత సిద్ధిస్థానంలో దీని కారణాలు చెప్పారు. ఎండు తిండి, మితిమీరి తినడం, ముందు తిన్నది అరగక మునుపే మళ్ళీ తినడం, తూర్పు గాలి, మంచు, మలమూత్రాల వేగాన్ని బిగబట్టడం, అతి శ్రమ. నేటి వైద్యులు రోగి చేత రాయించే పట్టికతో ఈ జాబితా పూర్తిగా సరిపోదు. కాని తిండి వేళ తప్పడం, గాలి మార్పు, ఒళ్ళు అలసట అనేవి రెండింటిలోనూ ఉన్నాయి. మన ఇళ్ళల్లో తలనొప్పీ వాంతీ కలిసివస్తే ‘పైత్యం చేసింది’ అనడం కూడా అలాంటి పాత పరిశీలనే. కడుపులో వికారం నొప్పికి కారణమని వాళ్ళనుకున్నారు. నిజానికి ఆ వికారం నొప్పితో పాటు వచ్చే లక్షణం.

తలనొప్పి మందుకు తెలుగువాడి చేయి కూడా ఒకటుంది. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం ప్రారంభించారు. పసుపుపచ్చని ఆ లేపనం రాయని నుదురు ఆ రోజుల్లో లేదేమో. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. దేశం మొత్తం తలనొప్పులు కలిసి తెలుగువారికి ఒక పత్రిక ఇచ్చాయన్నమాట. పంతులుగారిని తలుచుకుంటే నాకు గౌరవం, కొంచెం నవ్వూ కలుగుతాయి. లేపనం నుదుటికి హాయినిస్తుంది. రోజూ ఎందుకు రాసుకోవలసి వస్తోందన్న ప్రశ్న మాత్రం వంటింట్లోకి వెళ్ళి అడగాలి.

వంటింట్లో నేను మొదట అడిగేది తిన్నదాని గురించి కాదు, తినకపోవడం గురించి.

మన ప్రాంతంలో ఆడవాళ్ళ ఉపవాసాలు రెండు భాషల లెక్కన ఉంటాయి. తెలుగు లెక్కలో ఏకాదశులు, నాగుల చవితి, నక్షత్రం కనిపించేదాకా ఉండే కార్తీక సోమవారాలు. ఒడియా లెక్కలో కార్తీకమంతా హబిష, మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజ. రెండిళ్ళ మధ్య వియ్యం అందినచోట కోడలు రెండూ చేస్తుంది. ఆ సాయంత్రాలు ఎంతమంది ఆడవాళ్ళు తలకు గుడ్డ బిగించి పడుకుంటారో మీకు తెలుసు. ఇజ్రాయెల్‌లో యూదులు ఏడాదికి ఒకరోజు యోమ్ కిప్పూర్ అని నీళ్ళు కూడా ముట్టకుండా ఉంటారు. అక్కడి మోసెక్, కొర్చిన్ అనే ఇద్దరు వైద్యులు ఒక ఆసుపత్రి ఉద్యోగులు 370 మందిని విచారించి 1995లో ఒక నివేదిక ప్రకటించారు. ఉపవాసం ఉన్నవాళ్ళలో నూటికి 39 మందికి తలనొప్పి వచ్చింది. లేనివాళ్ళలో నూటికి ఏడుగురికే. గంటలు గడిచినకొద్దీ వచ్చేవాళ్ళ సంఖ్య పెరిగింది. మామూలు రోజుల్లో తలనొప్పి ఉండేవాళ్ళకు ఆ రోజు మరీ ఎక్కువగా వచ్చింది. దేవుడు వేరు, భాష వేరు, తల ఒక్కటే. నేను వ్రతాలు మానమని చెప్పేవాణ్ణి కాదు. అయితే మన పెద్దలు ఫలహారం అనీ, పాలు అనీ, పండు అనీ ఒక వెసులుబాటు పెట్టారు. పార్శ్వపు నొప్పి ఉన్న ఇల్లాలు ఆ వెసులుబాటు వాడుకోవడం తప్పు కాదు. కనీసం నీళ్ళు, మజ్జిగ మానకూడదు. అత్తగార్లు ఈ మాట వింటున్నారనే అనుకుంటున్నాను.

పిల్లల సంగతి ఇంకొకటి. మా బడిలో ప్రార్థన వేళ తల పట్టుకుని కూర్చుండిపోయే పిల్లను ‘పొద్దున్న ఏం తిన్నావమ్మా’ అని అడిగితే సగం సార్లు జవాబు ‘ఏమీ లేదండి’ అనో, ‘టీలో బిస్కత్తు’ అనో వస్తుంది. ఈ ప్రశ్న కొత్తది కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్‌లో పిట్టి త్యాగరాయ చెట్టిగారు థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టించారు. మనిషికి రోజుకు ఒక అణా మించకూడదన్నారు. ఆకలితో ఉన్న పిల్లవాడికి అక్షరం ఎక్కదని ఆయన గ్రహించారు. ఒడిశాలో మధ్యాహ్న భోజనం 1995లో మొదలైంది. అది వచ్చాక మధ్యాహ్నం తరగతుల్లో తలనొప్పి ఫిర్యాదులు తగ్గాయని నాకంటే పెద్ద ఉపాధ్యాయులు చెప్పగా విన్నాను. నేను చూస్తున్నంతలో ఆ ఫిర్యాదులు ఇప్పుడు పొద్దుటి పీరియడ్లకు చేరాయి.

టీ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. మన తాతల తరంలో పల్లెల్లో పొద్దున్నే తాగేది అంబలి. 1930లలో తేయాకు వ్యాపార సంఘాలు ఊరూరా ప్రచారం చేసి టీ అలవాటు చేశాయి. టీలోనూ కాఫీలోనూ ఉండే కెఫీన్‌కు ఒళ్ళు అలవాటు పడ్డాక, వేళకు అందకపోతే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో తలనొప్పి వస్తుంది. అమెరికాలో డ్రైస్‌బాక్, ఫైఫర్ అనే ఇద్దరు 1943లోనే దీన్ని ప్రయోగం చేసి చూపించారు. ‘టీ తాగగానే తలనొప్పి పోయింది, కాబట్టి టీ మంచి మందు’ అని మనం అంటాం. ఆ నొప్పి నిన్నటి టీ తెచ్చిపెట్టిందే కావచ్చు. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులు నరకం. వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ పోవడం తేలిక. కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ కలుపుతారు. కిరాణా కొట్టులో ఒకటీ రెండూ విడిగా అమ్మే ఆ మాత్రలు నెలకు పది పదిహేను రోజులు మింగేవాళ్ళకు మాత్రల వల్లనే తలనొప్పి స్థిరపడిపోతుంది. ఇది వైద్య గ్రంథాల్లో పేరు పెట్టి చెప్పిన జబ్బు. కొట్టులో మాత్రకు అలవాటుపడిన ఆడవాళ్ళు మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో లెక్క తీసినవాళ్ళు లేరు.

ఎండకు వద్దాం. 1998 వేసవిలో వడగాడ్పులకు ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతనే ప్రభుత్వం వడదెబ్బ గురించి గట్టిగా ప్రచారం మొదలుపెట్టింది, బడివేళలు మార్చడం, చలివేంద్రాలు పెట్టడం అలవాటైంది. వడదెబ్బకు ముందు వచ్చే సూచనల్లో తలనొప్పి ఒకటి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినప్పుడు వచ్చే ఈ నొప్పికి మన తరవాణి, వాళ్ళ పఖాళ, చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ సరైన విరుగుళ్ళే. పఖాళతో పాటు ఊరగాయ, అప్పడం, ఎండు చేప చేరేసరికి ఉప్పు లెక్క తప్పుతుంది. బరంపురం అప్పడాలకు, ఊరగాయలకు పేరున్న ఊరు. నేను వాటి అభిమానినే. కాని రోజు మొత్తానికి మనిషికి ఐదు గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా, చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొలంలో చెమటోడ్చేవాడికి ఒక లెక్క, నాలాగ కుర్చీలో కూర్చునేవాడికి ఒక లెక్క.

‘ఫలానాది తింటే నాకు తల పగిలిపోతుంది’ అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఒకరికి పనస, ఒకరికి వంకాయ, ఒకరికి ఎండు చేప. వీటిలో నిజమెంత? ఇంగ్లండులో ఎడ్డా హానింగ్టన్ 1967లో, నిలవ చేసిన జున్నుల్లో ఉండే టైరమీన్ అనే పదార్థం కొందరికి పార్శ్వపు నొప్పి తెప్పిస్తుందని రాసింది. మనం ఆ జున్ను తినం గాని, ఎండబెట్టి నిలవచేసిన చేపలో అలాంటి పదార్థాలు ఉండవచ్చు. అజినమోటో కథ ఇంకో రకం. 1908లో జపానులో ఇకెడా అనే శాస్త్రవేత్త ఆ రుచిని సముద్రపు నాచులోంచి బయటికి తీశాడు. అరవై ఏళ్ళకు, 1968లో, అమెరికాలో ఒక వైద్యుడు పత్రికకు రాసిన చిన్న ఉత్తరంతో దానికి చెడ్డపేరు వచ్చింది. తర్వాత ఎవరికి ఏది పెట్టారో తెలియకుండా చేసిన పరీక్షల్లో ఆ నింద గట్టిగా నిలబడలేదు. బరంపురం రోడ్డు పక్క నూడుల్స్ బండి దగ్గర తిన్నవాడికి తల నొస్తే, ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాడా లేదా అని కూడా అడగాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పార్శ్వపు నొప్పి మొదలయ్యే ముందు కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు, మనిషిలో కొన్ని మార్పులు వస్తాయి. ఆవలింతలు, చిరాకు, తీపి మీదకో పులుపు మీదకో మనసు పోవడం. ఆ కోరికతో తింటాడు, తరవాత నొప్పి వస్తుంది, తిన్నదాన్ని తిడతాడు. నొప్పే ఆ తిండిని అడిగి తినిపించిందని అతనికి తెలియదు. అందుకే నేను తలిదండ్రులకు చెప్పేది గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టమని. నొప్పి వచ్చిన రోజు ఒక చుక్క, ఆ ముందు రాత్రి నిద్ర ఎంత, పొద్దుటి తిండి ఉందా లేదా, ఆడపిల్లలకైతే నెలసరి తేదీ. రెండు నెలల క్యాలెండరు తీసుకెళ్ళి చూపిస్తే బరంపురం పెద్దాసుపత్రిలో డాక్టరుగారికి సగం పని తేలికవుతుంది. ఇష్టం వచ్చినట్టు పది కూరలు మానేసి ఎముకల గూడు కావడం కంటే ఇది నయం.

తిండి చేర్చడం వల్ల మేలు జరుగుతుందా అంటే, కొంత ఆధారం ఉంది. 2021లో అమెరికాలో రామ్స్‌డెన్ బృందం తరచుగా పార్శ్వపు నొప్పి వచ్చే 182 మందికి పదహారు వారాలు ప్రత్యేకమైన భోజనం పెట్టింది. కొవ్వున్న చేపలు ఎక్కువగా తిన్నవారికి నెలకు రెండు రోజుల నొప్పి తగ్గింది. చేపలు పెంచడంతో పాటు కొన్ని రకాల వంటనూనెలు తగ్గించినవారికి నాలుగు రోజులు తగ్గింది. అక్కడ ఖరీదైన సాల్మన్ చేపలు పెట్టారు. మనకు గోపాలపురం ఒడ్డున మన తెలుగు జాలరులు తెచ్చే కవళ్ళు, కానాగంతలు ఉన్నాయి. చవకగా దొరుకుతాయని వాటికి విలువ ఇవ్వం. నూనెలో కరకరలాడేలా వేయించకుండా పులుసు పెట్టుకుంటే మంచిది.

మెగ్నీషియం మరొకటి. జర్మనీలో పైకెర్ట్ బృందం 1996లో ప్రకటించిన పరీక్షలో రోజుకు 600 మిల్లీగ్రాముల మోతాదు పార్శ్వపు నొప్పిని తగ్గించింది. ఇదీ మందు మోతాదే, సొంతంగా కొనుక్కుని మింగేది కాదు. అయినా మన కంచంలో ఎంత ఉందో చూసుకోవడంలో తప్పు లేదు. వంద గ్రాముల మర బియ్యంలో మెగ్నీషియం ఇరవై మిల్లీగ్రాముల లోపు. వంద గ్రాముల చోళ్ళలో నూట నలభైకి పైన. చోళ్ళంటే రాగులే, ఒడియాలో మాండియా. కందులు, నువ్వులు, తోటకూర కూడా ఈ విషయంలో బియ్యం కంటే మెరుగే.

ఇంకొక్క మాట. జ్వరంతో తలనొప్పి వస్తే కంచం వైపు చూడకండి. మన పడమటి కొండల అంచున మలేరియా ఉంది, ముందు రక్తపరీక్ష చేయించండి. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే నొప్పి, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, గర్భిణికి తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మడం, వీటికి శొంఠి గంధం, టీ, ఉపవాసం ఏవీ కాదు. వెంటనే ఆసుపత్రి.

దిగపహండి నుంచి తప్తపాణి ఘాట్ ఎక్కి మోహనా వైపు వెళితే గజపతి జిల్లా కొండ పొలాలు కనిపిస్తాయి. 2017లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన చిరుధాన్యాల పథకంలో మొదటి ఏడు జిల్లాల్లో గజపతి ఒకటి. ఒకప్పుడు పేదల తిండి అని తీసిపారేసిన చోళ్ళను ఇప్పుడు ప్రభుత్వమే మద్దతు ధరకు కొంటోంది. కొండ మీది సవరలు ఆ పంటను ఎప్పుడూ వదల్లేదు. కింద బజారులో మాత్రం వాటిని కొనడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చక్కెర జబ్బుకు డాక్టరు చీటీ పట్టుకుని వస్తున్నారు. చిన్నపిల్లలకు పొద్దుటి అంబలి కోసం అడిగేవాళ్ళు ఇంకా తక్కువే.